కొడుకు వచ్చేదాకా
(ఆరోగ్య వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

 

"శుభం పలకరా మంకెన్నా" అన్న సామెత మీ అందరికీ తెలుసు. ఆ మంకెన్న వేషం ఇవాళ నాకు దక్కింది. పక్క హాల్లో పెళ్ళిసంబంధాల పరిచయ వేదిక జరుగుతూ ఉంటే నేనిక్కడ చావు గురించి మాట్లాడటానికి నిలబడ్డాను. "జీవన సంధ్య" అని పేరు పెడితే కాస్త మెత్తగా ఉంటుంది కదా అని ఒక మిత్రుడు సూచించారు. వద్దన్నాను. ఆ పేరు చూస్తే డెబ్భై దాటినవాళ్ళే వస్తారు. నాకు నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్ళు కావాలి.

నేను డాక్టర్ని కాను, లాయర్నీ కాను. వేదాంతం అసలే చదువుకోలేదు. ఇంజనీరింగు చదివి ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. మా వృత్తిలో ఒక మంచి అలవాటుంది. ఏ సర్వరు ఏ అర్ధరాత్రి కూలిపోతుందో తెలియదు కనక, కూలితే ఎవరు ఎవరికి ఫోను చెయ్యాలి, ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముందే రాసిపెట్టుకుంటాం. అప్పుడప్పుడు నిజంగానే కూలిపోయినట్టు నటించి, ఆ కాగితం పనికొస్తుందో లేదో పరీక్షిస్తాం కూడా. అలాంటి కాగితం మీ ఇంట్లో ఎంతమందికి ఉందో చేతులెత్తమని అడగాలని ఉంది గానీ, ఇప్పుడే భోజనాలు చేసి వచ్చారు, ఇబ్బంది పెట్టను.

గుడిలో దర్శనమయ్యాక మెట్ల మీద కాసేపు కూర్చోవాలంటారు మన పెద్దలు. అక్కడ కూర్చుని చెప్పుకునే శ్లోకం ఒకటుంది. అందులో అడిగేది డబ్బూ కాదు, అమెరికా వీసా కూడా కాదు. యాతన లేని చావు, ఒకరి ముందు చెయ్యి చాచని బతుకు. మృత్యుంజయ మంత్రంలో ఉన్నది కూడా, పండిన దోసపండు తొడిమ నుంచి విడివడినంత సులువుగా విడిపించమనే. ఇంతమంది ఇన్ని వందల ఏళ్ళుగా అదే అడుగుతున్నారంటే అది అంత తేలిగ్గా దొరికేది కాదనే కదా అర్థం.

"నాకేం, ఒక రాత్రి నిద్రలో పోతాను" అని అందరం అనుకుంటాం. అలా పోయేవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళం గుండె బలహీనపడి, మూత్రపిండాలు పనిమానేసి, కాన్సరుతోనో మతిమరుపు జబ్బుతోనో నెలలూ సంవత్సరాలూ తీసుకుని పోతాం. ఆ దారిలో పది చోట్ల ఎవరో ఒకరు "ఇప్పుడేం చేద్దాం?" అని అడుగుతారు. చివరి రెండు మూడు ప్రశ్నలు వచ్చేసరికి జవాబు చెప్పవలసిన మనిషికి మాట ఉండదు. ఇంకెవరో చెప్పాలి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ "ఇంకెవరో" గురించే.

2014లో గుంటూరులో మా బాబాయికి మెదడులో రక్తనాళం చిట్లింది. 76 ఏళ్ళ వయసు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి వెంటిలేటరు పెట్టారు. రెండోరోజు సాయంత్రానికే డాక్టరుగారు మా పిన్నిని కూర్చోబెట్టి, ఇక తెలివి రాదమ్మా అని మెల్లగా చెప్పారు. "అయితే ఇంటికి తీసుకుపోతాం బాబూ" అంది పిన్ని. చుట్టూ ఉన్న బంధువులు ఒప్పుకోలేదు. "కొడుకు రావొద్దా? అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా ఉంచండి" అన్నారు. కొడుకు డాలస్‌లో హెచ్ వన్ మీద ఉన్నాడు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు దాటిపోయింది. ఇండియా వెళితే మళ్ళీ ముద్ర వేయించుకోకుండా తిరిగి రాలేడు. కంపెనీ నుంచి ఉత్తరాలు, కాన్సులేటులో అపాయింట్‌మెంటు, ఇవన్నీ చూసుకుని బయల్దేరి, శంషాబాద్‌లో దిగి, కారులో గుంటూరు చేరేసరికి పదకొండు రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజులూ మా పిన్ని ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు లోపలికి పంపేవారు. ఆమె సంచీలో చిన్న సీసా ఉండేది, తులసాకులు వేసిన నీళ్ళు. ఆఖరి నిమిషంలో గొంతులో ఒక చుక్క వెయ్యాలని ఆమె కోరిక. నోట్లో గొట్టం ఉంది, చుట్టూ ప్లాస్టరు అంటించారు. ఎక్కడ వేస్తుంది? రోజూ పొద్దున పాత నీళ్ళు పారబోసి కొత్త ఆకులు వేసుకుని వచ్చేది. మావాడు వచ్చి తండ్రి కాళ్ళకు దణ్ణం పెట్టుకున్నాడు. "వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకుపోతున్నాం" అన్న కాగితం మీద సంతకం పెట్టాడు. మన దగ్గర అప్పట్లో అదొక్కటే దారి, ఇప్పటికీ ఎక్కువమందికి తెలిసిన దారి అదే. అంబులెన్సులో ఒక కుర్రాడు చేత్తో గాలిసంచీ నొక్కుతూ కూర్చున్నాడు. ఇంటికి చేరేలోపే బాబాయి వెళ్ళిపోయాడు. బిల్లు సంగతి నేను చెప్పను.

మా తమ్ముణ్ణి నేను ఒక్కమాట కూడా అనను. ఎందుకంటే ఆగమని అతను ఎవర్నీ అడగలేదు. అతను అడుగుతాడని అందరూ అనుకున్నారు. అతను అక్కడ వాళ్ళు ఆశతో ఉంచారనుకున్నాడు. బాబాయికి ఏం కావాలో ఆయన ఎవరికీ చెప్పలేదు, ఆయన్ని ఎవరూ అడగనూ లేదు.

దూరాన ఉన్న సంతానం వల్ల వచ్చే ఈ చిక్కు మనకొక్కరికే లేదు. అమెరికన్ డాక్టర్లు దీనికి ఒక పేరే పెట్టుకున్నారు: "డాటర్ ఫ్రమ్ కాలిఫోర్నియా సిండ్రోమ్". 1991లో వృద్ధుల వైద్యానికి సంబంధించిన ఒక పత్రికలో ఆ పేరుతో వ్యాసం వచ్చింది. దగ్గరుండి చూసుకుంటున్నవాళ్ళు, డాక్టర్లు కలిసి ఇక బాధపెట్టవద్దని ఒక నిర్ణయానికి వచ్చాక, ఎక్కడో కాలిఫోర్నియాలో ఉన్న కూతురు విమానం దిగి "అన్నీ చెయ్యండి, ఏదీ ఆపొద్దు" అంటుందట. ప్రేమ లేక కాదు. ఇన్నాళ్ళూ రాలేకపోయిన బాధంతా ఆ ఒక్క మాటలో వస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్న డాక్టర్లేమో అదే జబ్బుకు న్యూయార్కు కూతురని పేరు పెట్టుకున్నారని విన్నాను. మనవైపు మాత్రం ఆ కూతురూ కొడుకూ మనమే. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగంమందికి పైగా తల్లిదండ్రులో అత్తమామలో అక్కడ ఉన్నారు.

యంత్రాలు చెడ్డవని నేననటం లేదు. నిమోనియాతో వచ్చిన ముప్ఫై ఏళ్ళవాణ్ణి వారం రోజులు వెంటిలేటరు మీద ఉంచి ఇంటికి పంపిస్తే అది వరమే. సినిమాలో గుండె ఆగిన హీరోని ఛాతీ మీద నాలుగు దెబ్బలు కొడితే లేచి కూర్చుంటాడు. 1996లో కొందరు పరిశోధకులు అమెరికన్ టీవీ కార్యక్రమాలు కూర్చుని లెక్కపెడితే, గుండె ఆగి మళ్ళీ కొట్టుకునేట్టు చేసినవాళ్ళలో 75 శాతం మంది ఆ క్షణానికి బతికారు. నిజం ఆసుపత్రిలో గుండె ఆగినవాళ్ళలో బతికి ఇంటికి వెళ్ళేది నలుగురైదుగురిలో ఒకరు. ముసలితనం, ముదిరిన జబ్బు తోడైతే ఇంకా తక్కువ, పైగా పక్కటెముకలు విరగటం మామూలు. "అన్నీ చెయ్యండి" అన్న మాటలో ఇదంతా ఉందని తెలిసి అంటే అభ్యంతరం లేదు.

పాతకాలంలో చావు ఇంట్లో మాటగా ఉండేది. మా తాతమ్మ తన కర్మకాండ ఖర్చు ట్రంకు పెట్టెలో మూటగట్టి పెట్టుకుందని, దాని పక్కనే కాశీనుంచి తెచ్చిన గంగ చెంబు మూతికి లక్కవేసి ఉండేదని మా నాన్న చెప్పేవారు. ప్రాణం పోయేముందు మంచం మీదనుంచి దింపి చాప మీద పడుకోబెట్టేవారు. క్రైస్తవుల ఇళ్ళలో మంచం చుట్టూ నిలబడి కీర్తనలు పాడేవారు, ముస్లింల ఇళ్ళలో చెవి దగ్గర కలిమా చదివేవారు. అప్పటి చావులన్నీ మంచి చావులని కాదు. నొప్పికి మందు లేక అరిచి అరిచి పోయినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మాట మాత్రం దాచేవారు కాదు.

మనం ఇంటింటా పారాయణ చేసే భాగవతం సంగతే చూడండి. పరీక్షిత్తుకు పాముకాటుతో చావు ఏడు రోజుల్లో ఉందని తెలిసింది. గంగ ఒడ్డున కూర్చుని, చావబోయే మనిషి ఏం చెయ్యాలని శుకమహర్షిని అడిగాడు. గజేంద్రమోక్షం, ప్రహ్లాదుడి కథ, కృష్ణుడి వెన్నదొంగతనాలు అన్నీ, వారం గడువు మాత్రమే మిగిలిన మనిషికి చెప్పిన కథలు. అటు భీష్ముడు అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఆగి ధర్మరాజుతో ఎన్ని రోజులు మాట్లాడాడు! మన పురాణాల్లో మంచి చావు అంటే మాట్లాడుతూ పోవటమే. అలాంటి మనం పెద్దవాళ్ళు ఆ మాటెత్తగానే "ఎందుకమ్మా అలాంటి మాటలు" అని నోరు మూయిస్తాం. అపశకునం వాళ్ళకు కాదు, మనకు.

ఆమధ్య మా అమ్మ న్యూజెర్సీ వచ్చి నాలుగు నెలలు ఉంది. ఒక ఆదివారం వంటింటి బల్ల దగ్గర గోంగూర వలుస్తుంటే నేనూ ఒక కట్ట తీసుకుని కూర్చుని అడిగాను. బాబాయి ప్రస్తావనతో మొదలుపెట్టాను.

"అమ్మా, బాబాయికి జరిగినట్టు నీకేమన్నా అయితే ఏం చెయ్యమంటావు?"

చేతిలో ఆకు ఆపకుండానే అంది: "ఇన్నాళ్ళకు అడిగావురా. గొట్టాలూ గిట్టాలూ వద్దు. నాలుగు రోజులు చూడండి, తేరుకుంటానంటే సరే. తేరుకోనని డాక్టరు చెప్పాక ఒక్కరోజు కూడా ఉంచొద్దు. మన ఇంటికి తీసుకురండి, తూర్పు గదిలో పడుకోబెట్టండి."

"నేను రావటానికి రెండురోజులు పడుతుంది కదమ్మా."

"నీ కోసం నన్ను ఆపొద్దు నాయనా. వస్తే చూస్తావు. రాలేకపోతే తమ్ముడున్నాడు, వాడు పెడతాడు తలకొరివి. నువ్వు వచ్చాక పదోరోజు కూర్చుందువు గాని. చచ్చినదాన్ని చూడటానికి నువ్వు రావటం కోసం నేను చావకుండా ఉండాలా?"

అని నవ్వింది కూడా. తర్వాత అరగంటసేపు ఆగకుండా చెప్పింది. ఏ చీర కట్టాలో, మెళ్ళో గొలుసు ఏ కోడలికో, దినాలకు అప్పు చెయ్యొద్దని, కళ్ళు దానం చెయ్యమని. ఇవన్నీ ఆమె ఏళ్ళ కిందటే ఆలోచించుకుంది, అడిగేవాళ్ళ కోసం ఎదురు చూసింది. ఆమె ముందు నేను ఆ రాత్రే తమ్ముడికి ఫోను చేశాను. ముగ్గురం ఒకే మాట విన్నాం. అమ్మకిప్పుడు 74, తెనాలిలో ఉంది, మోకాళ్ళ నొప్పులు తప్ప ఆరోగ్యంగానే ఉంది.

మాట ఒకటే చాలదు, కాగితం కూడా ఉండాలి. ఇండియాలో ఆ కాగితానికి విలువ వచ్చి ఎంతోకాలం కాలేదు. హైదరాబాదులో వెంకటేశ్ అని చదరంగం ఆటగాడు ఉండేవాడు, కండరాలు క్షీణించే జబ్బుతో 25 ఏళ్ళకే వెంటిలేటరు మీదికి వచ్చాడు. అవయవాలు పాడయ్యేలోపు దానం చేసేలా తనను వెళ్ళిపోనివ్వమన్నది అతని కోరిక. తల్లి హైకోర్టుకు వెళ్ళింది. చట్టం ఒప్పుకోదని కోర్టు చెప్పింది. 2004 డిసెంబరులో అతను చనిపోయాడు. 2022లో రేవతి దర్శకత్వంలో వచ్చిన హిందీ సినిమా "సలాం వెంకీ"కి ఆ తల్లీకొడుకులే ఆధారం. వెంకటేశ్ అడిగినది నేటి చట్టం కూడా ఇవ్వదు. అయితే 2011లో అరుణా శాన్‌బాగ్ కేసులోనూ, 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పులోనూ సుప్రీంకోర్టు దారి తెరిచింది. తేరుకునే ఆశ లేనప్పుడు యంత్రాలు పెట్టవద్దని మనిషి ముందే రాసి పెట్టుకోవచ్చు. మొదట్లో దానికి మేజిస్ట్రేటు సంతకం కావలసి వచ్చేది, ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో దాన్ని సులువు చేశారు. ఇద్దరు సాక్షుల ఎదుట రాసి నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరింపజేస్తే చాలు. అమలు చేసే ముందు ఆసుపత్రిలో రెండు వైద్య బృందాలు చూసి ఒప్పుకోవాలి. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు బాంకు పనులు, పొలం పాస్‌బుక్కు పనులతో పాటు ఇదొకటి పెట్టుకోండి. అమ్మ సంతకం పెట్టిన నకలు ఒకటి మా తమ్ముడి దగ్గరుంది, ఇంకోటి నా దగ్గరుంది.

ఇక ఇక్కడి సంగతి. మా ఊళ్ళో ఒక మిత్రుడు, పేరు చెప్పను, 51 ఏళ్ళకు క్లోమం కాన్సరుతో పోయాడు. కీమో ఇక పనిచెయ్యటం లేదని తెలిశాక హాస్పిస్‌కి ఒప్పుకున్నాడు. ఆ మాట వినగానే మనవాళ్ళు చాలామంది "అంటే చావటానికి పంపించేశారా?" అని గుసగుసలు పోయారు. హాస్పిస్ అంటే ఒక భవనం అనుకుంటారు. ఎక్కువగా అది ఇంటికే వస్తుంది. వాళ్ళ ఫామిలీ రూములో ఆసుపత్రి మంచం వేశారు, కిటికీ పక్కన. నర్సు వారానికి రెండుసార్లు, చివర్లో రోజూ వచ్చేది. అర్ధరాత్రి ఫోను చేసినా పలికేవారు. నొప్పికి మార్ఫిన్ నాలుక కింద చుక్కలుగా ఇచ్చేవారు. "ఆవకాయ తినొచ్చా?" అని అడిగితే నర్సు దాని కథంతా విని, "తినాలనిపిస్తే తినండి" అంది. నెలల తర్వాత ఆవకాయన్నం రెండు ముద్దలు తిన్నాడు. పిల్లలిద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. భార్యకు పాస్‌వర్డులన్నీ ఒక నోటుపుస్తకంలో రాయించాడు. ఏ ప్లంబరు మంచివాడో కూడా అందులో ఉంది. ఐదు వారాలు. ఆఖరిరోజు ఆవిడ చేత్తోనే నోట్లో నీళ్ళు పోసింది.

ఈ పద్ధతికి ఆధునిక రూపం ఇచ్చింది సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించి. అమెరికాలో 1982 చట్టంతో మెడికేరులోకి వచ్చింది. జబ్బు తన దారిన తాను పోతే ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు రాయాలి. ఆరు నెలలు దాటి బతికితే మళ్ళీ పొడిగిస్తారు, వద్దనుకుంటే ఎప్పుడైనా బయటికి రావచ్చు. మందులు, మంచం, నర్సు వాళ్ళ ఖర్చే. రాత్రింబవళ్ళు పక్కన ఉండే మనిషిని మాత్రం ఇవ్వరు, అది ఇంటివాళ్ళు చూసుకోవాలి. అక్కడే మన సంఘాలు పనికిరావాలి. ఆ మిత్రుడి ఇంట్లో మేం పన్నెండు కుటుంబాలవాళ్ళం వంతులు వేసుకున్నాం. హైదరాబాదులో కూడా 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలైంది, ఇళ్ళకూ వెళుతున్నారు.

బాధ తగ్గించే వైద్యానికి ఒప్పుకుంటే ఆయుష్షు తగ్గిపోతుందని ఒక భయం. లెక్కలు నచ్చేవాళ్ళకు ఒక లెక్క. 2010లో బోస్టన్ మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రివాళ్ళు ఊపిరితిత్తుల కాన్సరు ముదిరిన 151 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు చికిత్స, రెండో జట్టుకు దానితోపాటు మొదటినుంచే బాధోపశమన వైద్యం. రెండో జట్టువాళ్ళు చివర్లో ఆసుపత్రి హడావిడి తక్కువగా ఎంచుకున్నారు. అయినా మొదటి జట్టు మధ్యస్థ ఆయుష్షు 8.9 నెలలైతే, వీళ్ళది 11.6 నెలలు.

కార్నెగీ మెలన్‌లో కంప్యూటర్ సైన్సు ప్రొఫెసరు రాండీ పాష్ 2007లో చేసిన చివరి ఉపన్యాసం మనలో చాలామంది చూసే ఉంటారు. నాకు ఆ ఉపన్యాసం కన్నా నచ్చింది ఇంకోటుంది. తన తర్వాత భార్యా ముగ్గురు పిల్లలూ ఒంటరి కాకూడదని ముందే కాపురాన్ని ఆవిడ పుట్టింటివాళ్ళకు దగ్గరగా వర్జీనియాకు మార్చాడు. 2008 జులైలో 47వ ఏట పోయాడు. ఈ దేశంలో మనకు పక్కింట్లో పుట్టిల్లు లేదు. ఆ సంగతి గుర్తు పెట్టుకునే ఎవరిని పిలవాలో ముందే అనుకోవాలి.

"మాకింకా వయసుంది కదా" అంటారేమో. ఫ్లోరిడాలో టెరీ షైవో కుప్పకూలినప్పుడు ఆమెకు 26 ఏళ్ళు. కాగితం ఏమీ లేదు. ఆమెకు ఇలాంటి బతుకు వద్దని భర్త, కాదని తల్లిదండ్రులు కోర్టుల్లో పోరాడారు, చివరికి అమెరికన్ కాంగ్రెసు కూడా తలదూర్చింది. పదిహేనేళ్ళ తర్వాత 2005 మార్చి 31న ఆమె చనిపోయింది. ఆసుపత్రిలో చేరేటప్పుడు "అడ్వాన్స్ డైరెక్టివ్ ఉందా?" అని అడుగుతారు చూడండి, 1990లో చేసిన చట్టం వల్ల అడుగుతారు. మనం "నో" అని టిక్కు పెట్టి ముందుకు పోతాం.

కావలసినవి రెండు. నా మాట నేను చెప్పలేనప్పుడు ఎవరు చెప్పాలి అన్నది ఒకటి. వాళ్ళు ఏం చెప్పాలి అన్నది రెండోది. మొదటిదానికి అందరికన్నా ఎక్కువ ప్రేమించే మనిషిని పెట్టనక్కరలేదు. ఏడుస్తూ కూడా మీ మాట నిలబెట్టగలిగే మనిషిని పెట్టండి. రెండోది పిల్లలకు వాళ్ళ భాషలో చెప్పాలి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు తలకొరివి అంటే తెలియదు, పిండం అంటే తెలియదు. ఏం చెయ్యాలో తెలియక, చెయ్యకపోతే నాన్నకు ద్రోహం చేసినట్టవుతుందేమోనని వాళ్ళు నలిగిపోతారు. దహనమా ఖననమా, బూడిద గోదావరికా కృష్ణకా, లేక ఇంటి దగ్గర డెలావేరు నదిలో కలిపినా ఫరవాలేదా, పన్నెండు రోజులు చెయ్యాలా ఒక్కరోజు చాలా, చెప్పేయండి. నేను మా అమ్మాయికి డెలావేరు చాలన్నాను. "ఇట్స్ క్లోజర్, ఐ కెన్ విజిట్" అంది. పదహారేళ్ళ పిల్ల.

గ్రీన్ కార్డు మీద తల్లిదండ్రుల్ని తెచ్చుకున్నవాళ్ళకు ఒక చిన్నమాట. ఇక్కడ ఉద్యోగం చెయ్యని 65 దాటిన పెద్దవాళ్ళకు, ఐదేళ్ళు వరసగా ఉన్నాకనే మెడికేరు కొనుక్కునే వీలుంటుంది. అప్పటిదాకా ఏ ఇన్సూరెన్సు ఉంది, అందులో హాస్పిస్ ఉందా అన్నది ఇవాళే చూసుకోండి. హాల్లో చేర్చాక చూసుకునే విషయం కాదు అది.

బయట ఆరోగ్య వేదిక బల్ల మీద న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియా ఫారాలు పెట్టాం, మిగతా రాష్ట్రాలవి ఎక్కడ దొరుకుతాయో ఒక కాగితం మీద రాసి ఉంచాం. కొన్ని రాష్ట్రాల్లో ఇద్దరు సాక్షులు చాలు, కొన్నిచోట్ల నోటరీ కావాలి. మీ తరఫున మాట్లాడటానికి ఎవరిని పెడుతున్నారో వాళ్ళనే సాక్షిగా పెట్టకండి, చాలాచోట్ల చెల్లదు. ఇండియా కాగితానికి తెలుగులో ఒక నమూనా కూడా ఉంది, ఇద్దరు లాయరు మిత్రులు చూసి దిద్దారు. అది అమ్మకు పంపించే ముందు ఫోను చేసి మాట్లాడండి. అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి దాటింది, రేపు పొద్దున చేస్తే మేలు.